రెండు వేల కోట్ల ఆట... గిట్టుబాటయ్యేనా?

భారీ సినిమాలను మించిన బడ్జెట్లు. ఐదారేళ్ల తయారీ. వందలాది కళాకారుల, ఇంజినీర్ల కష్టం. అయినా విడుదలైన రెండు వారాలకే మూతపడుతున్న వీడియో గేమ్‌లున్నాయి. కోటి కాపీలు అమ్ముడైన గేమ్‌ చేసినవాళ్లకీ ఉద్యోగ భద్రత ఉండటం లేదు. ఎక్కడ తప్పుతోంది లెక్క? హైదరాబాద్‌, బెంగళూరు స్టూడియోల్లో కొలువు వెతుక్కుంటున్న మన పిల్లలు దీన్నుంచి ఏం తెలుసుకోవాలి?

2024 ఆగస్టు 23న సోనీ సంస్థ ‘కాన్‌కార్డ్‌’ అనే వీడియో గేమ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఐదుగురేసి ఉన్న రెండు జట్లు ఆన్‌లైన్‌లో తలపడే షూటింగ్‌ గేమ్‌ అది. అమెరికాలోని ఫైర్‌వాక్‌ స్టూడియో ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసింది. ఆ గేమ్‌ మీద నమ్మకంతోనే 2023లో సోనీ ఏకంగా స్టూడియోనే కొనేసింది. తీరా విడుదలయ్యాక ఆడేవాళ్లు కరవయ్యారు. కంప్యూటర్‌ గేమ్‌లు అమ్మే ‘స్టీమ్‌’లో ఒకే సమయంలో దాన్ని ఆడినవారి సంఖ్య 697 దాటలేదు. సెప్టెంబరు 6న సర్వర్లు ఆపేశారు. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చేశారు. అక్టోబరు నెలాఖరుకల్లా స్టూడియోకే తాళం పడింది.

మన దగ్గర ఓ భారీ సినిమా దెబ్బతింటే నిర్మాత నష్టపోతాడు. అయినా ఆ సినిమా ఓటీటీలోనో టీవీలోనో మిగిలే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చూస్తారు. కాన్‌కార్డ్‌కి ఆ భాగ్యం కూడా దక్కలేదు. పాత్రల ముఖాలు చెక్కిన ఆర్టిస్టులకీ, సంగీతం కూర్చినవాళ్లకీ, కోడ్‌ రాసినవాళ్లకీ ‘ఇది మేం చేశాం’ అని చూపించుకోవడానికి కొన్ని వీడియోలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇది ఒక్క గేమ్‌ కథే అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. ఆడని గేమ్‌లు ఎప్పుడూ ఉన్నాయి. కానీ గత కొన్నేళ్లుగా పరిశ్రమలో ‘ట్రిపుల్‌ ఏ’ అని పిలుచుకునే భారీ బడ్జెట్‌ గేమ్‌ల తీరు చూస్తే, ఓడిన గేమ్‌లే కాదు, గెలిచినవి కూడా తమను తయారుచేసినవాళ్లకు అన్నం పెట్టలేకపోతున్నాయి. ఆలోచించాల్సింది ఇక్కడే.

బయటపడ్డ లెక్కలు

సినిమా బడ్జెట్‌ ఎంతో రోజూ వార్తల్లో చూస్తాం. గేమ్‌ల బడ్జెట్లు మాత్రం కంపెనీలు గుట్టుగా ఉంచుతాయి. ఆ గుట్టు కోర్టు మెట్ల మీద కొంత, హ్యాకర్ల చేతుల్లో కొంత బయటపడింది.

2023 జూన్‌లో గేమ్‌ల కంపెనీ యాక్టివిజన్‌ బ్లిజార్డ్‌ను మైక్రోసాఫ్ట్‌ కొనడాన్ని అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ కోర్టులో సవాలుచేసింది. ఆ కేసులో సోనీ సమర్పించిన పత్రాల్లో కొన్ని అంకెలను నల్ల పెన్నుతో కొట్టేశారు. స్కాన్‌ చేస్తే ఆ నలుపు కింది అంకెలు కనిపించాయి! ‘ద లాస్ట్‌ ఆఫ్‌ అజ్‌ పార్ట్‌ 2’కి 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్‌ ఫర్బిడెన్‌ వెస్ట్‌’కి 21.2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని అలా లోకానికి తెలిసింది. అప్పటి మారకం విలువలో ఒక్కోటీ 1,700 కోట్ల రూపాయలకు పైమాటే.

అదే ఏడాది డిసెంబరులో సోనీకి చెందిన ఇన్‌సోమ్నియాక్‌ అనే స్టూడియో మీద సైబర్‌ దాడి జరిగింది. హ్యాకర్లు బయటపెట్టిన పత్రాల ప్రకారం ‘మార్వెల్స్‌ స్పైడర్‌మ్యాన్‌ 2’ గేమ్‌కి అయిన ఖర్చు 30 కోట్ల డాలర్లు దాటింది. మన డబ్బుల్లో దాదాపు 2,500 కోట్లు. ‘కల్కి 2898 ఏడీ’కి దాదాపు 600 కోట్లు ఖర్చయిందని వార్తలొస్తేనే నోరెళ్లబెట్టాం. ఈ ఒక్క గేమ్‌ డబ్బుతో అలాంటి సినిమాలు నాలుగు తీయొచ్చు. పూర్తి ధరకు 72 లక్షల కాపీలు అమ్మితే తప్ప పెట్టుబడి వెనక్కి రాదని ఆ పత్రాల్లోనే ఉంది.

‘కాల్‌ ఆఫ్‌ డ్యూటీ’ది ఇంకో మెట్టు పైన. కాలిఫోర్నియాలోని ఓ కేసులో దాన్ని తెచ్చే యాక్టివిజన్‌ ప్రతినిధి ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం 2020లో వచ్చిన ‘బ్లాక్‌ ఆప్స్‌ కోల్డ్‌ వార్‌’ మీద మొదటి నుంచి చివరి వరకూ పెట్టిన మొత్తం 70 కోట్ల డాలర్లకు పైనే. అంటే ఇంచుమించు 6 వేల కోట్ల రూపాయలు.

ఓ కోటు వెనక పదిమంది

ఇంత డబ్బు దేనికవుతుంది? బొమ్మలకా, కంప్యూటర్లకా? రెంటికీ కాదు, జీతాలకు.

అమెరికాలోని ఖరీదైన నగరాల్లో ఒక డెవలపర్‌ మీద కంపెనీకి నెలకయ్యే ఖర్చు జీతం, బీమా, ఆఫీసు అద్దె అన్నీ కలిపి 15 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా ఉంటుందని పరిశ్రమలో చెబుతారు. తక్కువలో తక్కువ 15 వేలే వేసుకుందాం. 300 మంది ఉన్న స్టూడియోకి నెలకు 45 లక్షల డాలర్లు, ఏడాదికి 5.4 కోట్ల డాలర్లు. గేమ్‌ తయారవడానికి ఐదేళ్లు పడితే 27 కోట్ల డాలర్లు. ఇందులో ప్రచారం ఖర్చు లేదు. ఆర్నెల్లు ఆలస్యమైతే మరో 2.7 కోట్ల డాలర్లు. విడుదల వాయిదా పడిన ప్రతిసారీ పబ్లిషర్ల గుండెల్లో రాయి పడేది ఇందుకే.

మరి అంతమంది ఎందుకు? ఒక పాత్ర వేసుకునే కోటునే తీసుకుందాం. ముందు కాన్సెప్ట్‌ ఆర్టిస్టు దాన్ని నాలుగైదు రకాలుగా గీస్తాడు. ఖాయమైనదాన్ని త్రీడీ ఆర్టిస్టు కుట్లూ ముడతలతో సహా చెక్కుతాడు. లక్షలాది ముక్కలతో తయారైన ఆ బొమ్మను కన్సోల్‌ మోయలేదు. అందుకని అదే ఆకారం చెడకుండా తక్కువ ముక్కలతో మళ్లీ కట్టాలి. ఆ తర్వాత టెక్స్‌చర్లు. భుజం దగ్గర ఎండకు వెలిసిన రంగు, మోచేయి దగ్గర అరుగుదల, వాన పడితే తడిసిన మెరుపు ఒక్కొక్కటీ వేయాలి. రిగ్గింగ్‌ చేసేవాళ్లు లోపల ఎముకల గూడు అమరుస్తారు. పాత్ర పరుగెత్తితే కోటు అంచు ఎలా ఊగాలో ఇంకొకరు చూస్తారు. దూరం నుంచి కనిపించేటప్పుడు వాడటానికి తేలికైన నమూనాలు మరో రెండుమూడు చేస్తారు. చివరికి టెస్టర్లు ఆ పాత్రను గోడలకు గుద్ది, మెట్లెక్కించి, నీళ్లలో ముంచి ఎక్కడైనా కోటు ఒంట్లోకి చొచ్చుకుపోతోందేమో పరీక్షిస్తారు. తప్పు దొరికితే కథ మళ్లీ మొదటికి.

ముప్పై ఏళ్ల క్రితం ప్లేస్టేషన్‌ తొలి రోజుల్లో ఆ కోటు కొన్ని పదుల త్రిభుజాల ఆకారం, దాని మీద అతికించిన ఓ చిన్న బొమ్మ. ఒకే మనిషి ముగించగలిగేవాడు. తెర నాణ్యత పెరిగిన కొద్దీ, కన్సోల్‌ శక్తి పెరిగిన కొద్దీ వివరం పెరిగింది. వివరంతోపాటు మనుషులు పెరిగారు. సోనీ ప్లేస్టేషన్‌ స్టూడియోలకు సారథ్యం వహించిన షాన్‌ లేడెన్‌ 2020లోనే ఈ మాట చెప్పాడు. ప్రతి కొత్త తరం కన్సోల్‌తో తయారీ ఖర్చు రెట్టింపవుతోందనీ, ఇది ఇలాగే సాగే వ్యవహారం కాదనీ హెచ్చరించాడు.

ఇన్‌సోమ్నియాక్‌ నుంచి బయటికొచ్చిన పత్రాల్లో అందరినీ ఆగి ఆలోచింపజేసింది డబ్బు అంకె కాదు, ఆ స్టూడియో వాళ్లు తమను తాము వేసుకున్న ఓ ప్రశ్న. 2018లో మొదటి స్పైడర్‌మ్యాన్‌ గేమ్‌ను దాదాపు 10 కోట్ల డాలర్లలో చేశారు. రెండోదానికి మూడింతలైంది. మరి ఆ మూడింతల తేడా ఆడేవాళ్లకు కనిపిస్తోందా? ఈ ప్రశ్న వేసుకున్నది పోటీ కంపెనీ కాదు, ఇంట్లోవాళ్లే. మాన్‌హాటన్‌తోపాటు ఈసారి బ్రూక్లిన్‌, క్వీన్స్‌ కూడా కట్టారు. రెక్కలు విప్పుకుని నగరమంతా తేలిపోవచ్చు. గొప్పగానే ఉంది. కానీ మొదటి గేమ్‌ కన్నా మూడు రెట్లు ఆనందం ఇచ్చిందా అంటే ఆడినవాళ్లలో ఔననేవాళ్లు తక్కువే.

ఖర్చు కొండెక్కినా ధర కదల్లేదు

ఖర్చు పెరిగితే సరుకు ధర పెరగాలి. గేమ్‌ల విషయంలో అదీ జరగలేదు. అమెరికాలో 2005 ప్రాంతంలో కొత్త గేమ్‌ ధర 60 డాలర్లకు చేరింది. పదిహేనేళ్లపాటు అక్కడే ఉంది. 2020లో 70 అయింది. 2025లో నింటెండో ‘మారియో కార్ట్‌ వరల్డ్‌’కు 80 డాలర్లు పెడితే పెద్ద గొడవే అయింది. ఈ ఇరవై ఏళ్ల ద్రవ్యోల్బణాన్ని లెక్కేస్తే గేమ్‌ నిజానికి చవకైంది. బడ్జెట్‌ మాత్రం ఎన్నో రెట్లయింది.

ఆ 70 డాలర్లూ కంపెనీ చేతికి రావు. స్టీమ్‌ అయినా, కన్సోల్‌ దుకాణమైనా మామూలుగా 30 శాతం కమీషన్‌ పట్టుకుంటుంది. మిగిలేది 49 డాలర్లు. కొన్ని నెలలు గడిస్తే డిస్కౌంట్లు మొదలవుతాయి. సగటున ఒక్కో కాపీ మీద 40 డాలర్లు వచ్చాయనుకుందాం. తయారీకి 20 కోట్లు, ప్రచారానికి 10 కోట్లు వెరసి 30 కోట్ల డాలర్లు పెట్టిన గేమ్‌ అసలు రాబట్టుకోవడానికే 75 లక్షల కాపీలు అమ్మాలి. ఏటా విడుదలయ్యే వేల గేమ్‌లలో ఆ గీత దాటేవి చేతివేళ్లతో లెక్కపెట్టేటన్ని.

పోనీ కొనేవాళ్లు పెరిగారా? 2000లో వచ్చిన ప్లేస్టేషన్‌2 దాని జీవితకాలంలో 16 కోట్లు అమ్ముడైంది. ప్లేస్టేషన్‌4 దాదాపు 11.7 కోట్ల దగ్గర ఆగింది. ప్లేస్టేషన్‌5 ఐదేళ్లు నిండేసరికి 10 కోట్లకు చేరలేదు. కొత్తగా ఆటలోకొచ్చిన కోట్లాది మంది మన దేశంలోలాగే ఫోన్లలో ఉచిత గేమ్‌లు ఆడుతున్నారు. ఐదు వేల రూపాయలు పెట్టి ఒక గేమ్‌ కొనే ఇల్లు మన వీధిలో ఎన్ని ఉంటాయో చూసుకుంటే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

పోటీ పాత గేమ్‌లతోనే

కొత్త సినిమా చూసినవాళ్లు వచ్చే వారం ఇంకోటి చూస్తారు. గేమ్‌ అలా కాదు. నచ్చితే ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుంటారు. 2017లో వచ్చిన ‘ఫోర్ట్‌నైట్‌’ను నేటికీ కోట్లాది మంది ఆడుతున్నారు. ‘రోబ్లాక్స్‌’ను రోజూ తెరిచేవారి సంఖ్య 2025లో పది కోట్లు దాటింది. 2013 సెప్టెంబరులో విడుదలైన ‘గ్రాండ్‌ తెఫ్ట్‌ ఆటో (జీటీఏ) 5’ అమ్మకాలు 20 కోట్ల కాపీలు దాటి ఇంకా సాగుతూనే ఉన్నాయి. 2023లో జనం కంప్యూటర్‌, కన్సోల్‌ గేమ్‌ల మీద గడిపిన సమయంలో 60 శాతానికి పైగా ఆరేళ్లు, అంతకన్నా పాత గేమ్‌లకే పోయిందని మార్కెట్‌ పరిశోధన సంస్థ న్యూజూ తేల్చింది.

మిగిలిన కాస్త సమయం కోసం ఎంత పోటీ ఉందో చూడండి. ఒక్క స్టీమ్‌లోనే 2024లో 18 వేలకు పైగా కొత్త గేమ్‌లొచ్చాయి. కొత్త గేమ్‌ అంటే డబ్బు మాత్రమే అడగడం లేదు, స్నేహితులతో కలిసి రోజూ ఆడుతున్న గేమ్‌ను వదిలి రమ్మని అడుగుతోంది. స్నేహితులందరినీ అక్కడే వదిలి ఎవరొస్తారు? కాన్‌కార్డ్‌ ఓడిపోయింది ఇక్కడే.

ఇది తెలిసీ పెద్ద పబ్లిషర్లందరూ అదే దారి పట్టారు. ఒక్కసారి ఆడి పక్కన పెట్టేవి కాకుండా, ఏళ్ల తరబడి డబ్బులు రాల్చే ‘లైవ్‌ సర్వీస్‌’ గేమ్‌లు కావాలనుకున్నారు. 2026 మార్చికల్లా అలాంటివి పన్నెండు తెస్తామన్న సోనీ 2023లోనే ఆ సంఖ్యను సగానికి తగ్గించుకుంది. ‘ద లాస్ట్‌ ఆఫ్‌ అజ్‌’ ఆన్‌లైన్‌ గేమ్‌ను ఏళ్లపాటు చేసి 2023 డిసెంబరులో రద్దుచేసింది. ‘బ్యాట్‌మ్యాన్‌ ఆర్కమ్‌’ గేమ్‌లతో పేరు తెచ్చుకున్న రాక్‌స్టెడీ స్టూడియో 2024 ఫిబ్రవరిలో ‘సూసైడ్‌ స్క్వాడ్‌’ను విడుదల చేస్తే, వార్నర్‌ బ్రదర్స్‌ 20 కోట్ల డాలర్లను నష్టాల ఖాతాలో రాసుకుంది.

గెలిచినా గండమే

స్పైడర్‌మ్యాన్‌ 2 ఓడిపోలేదు. 2023 అక్టోబరు 20న విడుదలైన ఆ గేమ్‌ 24 గంటల్లో 25 లక్షల కాపీలు, ఆర్నెల్లలో కోటీ పది లక్షల కాపీలు అమ్ముడైంది. అయినా 2024 ఫిబ్రవరిలో సోనీ తన గేమ్‌ విభాగంలో 900 మందిని తీసేస్తే, ఆ జాబితాలో ఇన్‌సోమ్నియాక్‌ ఉద్యోగులూ ఉన్నారు.

జపాన్‌లోని టాంగో గేమ్‌వర్క్స్‌ది మరీ బాధాకరమైన కథ. 2023 జనవరిలో ఆ స్టూడియో తెచ్చిన ‘హై-ఫై రష్‌’ను విమర్శకులూ ఆడినవాళ్లూ నెత్తిన పెట్టుకున్నారు. 2024 మేలో దాని యజమాని మైక్రోసాఫ్ట్‌ ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించింది. కొరియాకు చెందిన క్రాఫ్టన్‌ ముందుకొచ్చి కొనుక్కోబట్టి అది మళ్లీ తెరుచుకుంది. దాదాపు 6,900 కోట్ల డాలర్లు పెట్టి యాక్టివిజన్‌ను సొంతం చేసుకున్న మూడు నెలలకే మైక్రోసాఫ్ట్‌ గేమ్‌ విభాగంలో 1,900 మందిని పంపించేసింది. పరిశ్రమలో తొలగింపులను నమోదుచేస్తున్నవారి లెక్క ప్రకారం 2023లో పదివేల మందికి పైగా, 2024లో 14 వేల మందికి పైగా కొలువులు పోగొట్టుకున్నారు.

కరోనా కాలంలో జనం ఇళ్లలో ఉండి గేమ్‌లు విపరీతంగా ఆడారు. వడ్డీలు తక్కువ. ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందనుకుని కంపెనీలు ఎడాపెడా స్టూడియోలు కొన్నాయి, మనుషుల్ని చేర్చుకున్నాయి. 2022 నుంచి వడ్డీలు పెరిగాయి, జనం బయటి పనుల్లో పడ్డారు. అంచనా తప్పింది పై అంతస్తులో. రోడ్డున పడింది కింద పనిచేసినవాళ్లు. ఇది అన్యాయం మాత్రమే కాదు, తెలివితక్కువ వ్యాపారం కూడా. పదేళ్లు కలిసి పనిచేసిన జట్టును చెదరగొడితే తర్వాతి గేమ్‌కి ఆ నేర్పు మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. అందుకయ్యే సమయం మళ్లీ ఖర్చే.

కొందరికి మాత్రం కాసుల పంట

భారీ గేమ్‌లన్నీ నష్టమేనంటే అదీ నిజం కాదు. జీటీఏ 5 విడుదలైన మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్లు వసూలుచేసింది. 70 కోట్ల డాలర్లు మింగిన కాల్‌ ఆఫ్‌ డ్యూటీ గేమ్‌ కూడా 3 కోట్ల కాపీలు అమ్ముడైంది. 2023 ఆగస్టులో బెల్జియం సంస్థ లారియన్‌ తెచ్చిన ‘బాల్డర్స్‌ గేట్‌ 3’ వెనక నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. ఆ సంస్థ షేర్‌ మార్కెట్లో లేదు. గేమ్‌ పూర్తికాకముందే 2020 అక్టోబరు నుంచి అభిమానులకు అమ్ముతూ, వారి సలహాలు వింటూ, మూడు నెలలకోసారి లాభాలు చూపాల్సిన ఒత్తిడి లేకుండా చేసింది.

‘జీటీఏ 6’ విడుదల 2025లోనే రెండుసార్లు వెనక్కి జరిగి 2026 నవంబరు 19కి చేరింది. అన్నిసార్లు ఆగినా దానికోసం ఎదురుచూసేవాళ్లున్నారు. అలాంటి పేరూ, ఓపికా, నగదూ ఉన్న సంస్థలు ప్రపంచంలో పట్టుమని పది లేవు. ఆ కొన్నీ కాస్తున్న పందేన్ని మిగతా వందమందీ కాయబోవడమే ఈ పరిశ్రమకు పట్టిన పీడ.

కృత్రిమ మేధ వస్తే ఖర్చులు తగ్గిపోతాయని ఇప్పుడు కొందరు ఆశపడుతున్నారు. పని తేలిక చేసే పరికరాలు ఇదివరకూ వచ్చాయి. రెడీమేడ్‌ గేమ్‌ ఇంజిన్లు వచ్చాయి, నటుల కదలికలను నేరుగా పట్టే మోషన్‌ క్యాప్చర్‌ వచ్చింది. ఆదా అయిన ప్రతి గంటనూ మరింత పెద్ద ప్రపంచం, మరింత వివరం మింగేశాయి. ఎంత చాలో ముందే అనుకోకపోతే కొత్త పరికరమూ అదే దారిన పోతుంది.

చాలు అనుకున్నవాళ్లు గెలిచారు

ఫ్రాన్స్‌లోని మోంపెల్లియే నగరంలో సాండ్‌ఫాల్‌ ఇంటరాక్టివ్‌ అనే స్టూడియో ఉంది. యూబీసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన గియోమ్‌ బ్రోష్‌ దాని సారథి. ముప్పై మంది ముఖ్య సభ్యులు, బయటి నుంచి సాయపడిన కొరియా యానిమేటర్లూ ఇతర నిపుణులూ కలిసి ‘క్లెయిర్‌ ఆబ్స్‌క్యూర్‌: ఎక్స్‌పెడిషన్‌ 33’ చేశారు. 2025 ఏప్రిల్‌ 24న 50 డాలర్ల ధరకు వచ్చింది. 33 రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్ముడైంది. ఆ డిసెంబరులో గేమ్‌ అవార్డుల వేదిక మీద ‘గేమ్‌ ఆఫ్‌ ది ఇయర్‌’ సహా తొమ్మిది పురస్కారాలు గెలిచింది. దానికైన ఖర్చు కోటి డాలర్లలోపే. అంటే స్పైడర్‌మ్యాన్‌ 2 బడ్జెట్‌తో ఇలాంటివి ముప్పై చేయొచ్చు. వాళ్లు తెలివిగా చేసిందేమిటంటే, ఓ దేశమంత విశాల ప్రపంచాన్ని కట్టబోకపోవడం. కథకూ సంగీతానికీ ముఖాల్లో భావాలకూ డబ్బు పెట్టి, మిగతాచోట్ల చేయి బిగించారు.

కాన్‌కార్డ్‌ వచ్చిన ఏడాదే ఫిబ్రవరిలో సోనీయే విడుదల చేసిన ‘హెల్‌డైవర్స్‌ 2’ చూడండి. స్వీడన్‌లోని ఆరోహెడ్‌ స్టూడియోలో దాదాపు వంద మంది చేశారు. ధర కాన్‌కార్డ్‌లాగే 40 డాలర్లు. 12 వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు! అదీ ఏళ్లు పట్టిన గేమే. కానీ వంద మంది జీతాలను ఏళ్లపాటు మోయడం వేరు, మూడు వందల మంది జీతాలను మోయడం వేరు.

జపాన్‌ సంస్థలు ఈ పొదుపును ఏనాడో వంటబట్టించుకున్నాయి. సెగాకు చెందిన ‘యాకుజా’ వరుసలో 2005 నుంచీ కామురోచో అనే ఒకే వీధుల సముదాయం మళ్లీ మళ్లీ వస్తుంది. ఆడేవాళ్లకు అది విసుగు కాదు, సొంత ఊరికి వెళ్లినట్టు. నింటెండో 2023లో తెచ్చిన ‘జెల్డా’ గేమ్‌ 2017 నాటి భూభాగాన్నే తిరిగి వాడుకుంది. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. క్యాప్‌కామ్‌ సొంత ఇంజిన్‌నే గేమ్‌ తర్వాత గేమ్‌కి వాడుతుంది. అది ఏటా అమ్మే కాపీల్లో ఎక్కువ భాగం పాత గేమ్‌లవే. కొత్త గేమ్‌ ఆలస్యమైనా ఇల్లు గడుస్తుంది.

నింటెండో అధ్యక్షుడిగా ఉన్న సతోరు ఇవాటాను ఇక్కడ తలచుకోవాలి. 2011లో కొత్త పరికరం అనుకున్నట్టు అమ్ముడుపోకపోతే తన జీతాన్ని సగానికి కోసుకున్నాడు. 2014లో ‘వీ యూ’ కన్సోల్‌ దెబ్బతిన్నప్పుడూ అదే చేశాడు. ఉద్యోగం ఎప్పుడు పోతుందోనని భయపడేవాళ్లు ప్రపంచాన్ని మెప్పించే గేమ్‌లు చేయలేరన్నది ఆయన వాదన. ఆ జట్టును నిలుపుకున్న నింటెండోయే 2017లో ‘స్విచ్‌’ తెచ్చింది. అది 15 కోట్లు దాటి అమ్ముడైంది.

మన పిల్లల మాట

ఎక్కడో అమెరికాలో స్టూడియో మూతపడితే మనకేమిటనుకోవడానికి లేదు. పెద్ద గేమ్‌ల చివర వచ్చే పేర్ల జాబితాల్లో భారతీయుల పేర్లు ఎన్నో. 1997లో మొదలైన బెంగళూరు సంస్థ ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో జీటీఏ నిర్మాత రాక్‌స్టార్‌ కొనుక్కుంది. గేమ్‌ల సంస్థ ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో ఏళ్లుగా స్టూడియో ఉంది. అదే సంస్థను 5,500 కోట్ల డాలర్లకు సౌదీ ప్రభుత్వ నిధి, మరో రెండు పెట్టుబడి సంస్థలు కలిసి కొంటున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. అందులో 2 వేల కోట్ల డాలర్లు అప్పు. అంత అప్పు నెత్తిన పడే కంపెనీలో ఏ ఖర్చు కోస్తారన్నది హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకూ సంబంధించిన విషయమే. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌ సంస్థ టెక్నికలర్‌ కుప్పకూలినప్పుడు బెంగళూరులో వేలాది యానిమేషన్‌, వీఎఫ్‌ఎక్స్‌, గేమ్‌ ఆర్టిస్టులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది వేరేవాళ్ల గేమ్‌కు కార్లూ కోట్లూ చెట్లూ చేసిపెట్టే పని. చేయి తిరగడానికి అది మంచి బడి. కానీ అక్కడే ఉండిపోతే, వేరేవాళ్ల పందెం పోయిన ప్రతిసారీ మన ఇంట్లో దీపం ఆరుతుంది. సొంతంగా గేమ్‌ చేసిన మనవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఓగర్‌ హెడ్‌ స్టూడియో 2017లో ‘అసుర’ను, పుణెలోని నాడింగ్‌ హెడ్స్‌ 2020లో ‘రాజీ’ని తెచ్చాయి. హైదరాబాద్‌లోనే పుట్టిన ‘హిట్‌వికెట్‌’ క్రికెట్‌ గేమ్‌ ఫోన్లలోకి వెళ్లింది. అన్నీ చిన్న జట్లే. దేశంలోని గేమ్‌ డెవలపర్లంతా కలిసే వార్షిక సదస్సుకి హైదరాబాద్‌ చాలా ఏళ్లు ఆతిథ్యమిచ్చింది. చదువుకున్న పిల్లలున్నారు, సినిమా గ్రాఫిక్స్‌లో ఆరితేరిన చేతులున్నాయి, చెప్పుకోవడానికి కథలకు కొదవే లేదు.

గేమ్‌ డిజైన్‌ కోర్సులో చేరుతున్న పిల్లలకు చెప్పేదొక్కటే. పెద్ద కంపెనీలో కొలువు రావడమే గమ్యం అనుకోవద్దు. ముగ్గురు స్నేహితులు కలిసి ఆర్నెల్లలో పూర్తయ్యే ఓ చిన్న గేమ్‌ చేయండి, అమ్మండి. పూర్తిచేయడం నేర్చుకున్నవారికి ఎక్కడైనా అన్నం దొరుకుతుంది. తల్లిదండ్రులు లక్షల ఫీజు కట్టేముందు ఆ కాలేజీ పిల్లలు నిజంగా విడుదల చేసిన గేమ్‌లేవో చూపించమని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విదేశీ స్టూడియోలకు భూములూ రాయితీలూ ఇవ్వడంతో ఆగకూడదు. పది మంది ఉన్న స్థానిక జట్టుకు ఏడాది జీతాలు గడిచేలా నిధులిస్తే, ఒక విదేశీ గేమ్‌ బడ్జెట్‌లో నూరో వంతుతో ఎన్నో సొంత గేమ్‌లు పుడతాయి.

ఇక అసలు ప్రశ్నకు జవాబు. భారీ బడ్జెట్‌ గేమ్‌లు పూర్తిగా పోవు. జీటీఏలూ కాల్‌ ఆఫ్‌ డ్యూటీలూ వస్తూనే ఉంటాయి. కానీ పరిశ్రమ మొత్తానికీ అదే దారి అనుకుంటే మాత్రం గిట్టుబాటు కాదు. 75 లక్షల కాపీలు అమ్మితే తప్ప అసలు రాని వ్యాపారంలో, ఆ గురి తప్పిన ప్రతిసారీ మూల్యం చెల్లిస్తున్నది గేమ్‌ను తమ చేతులతో చేసినవాళ్లే. ఎంత పెద్దది చేయాలన్నది కాకుండా ఎంతలో చేస్తే జట్టు నిలబడుతుందన్నది ముందు లెక్కేసుకున్న స్టూడియోలే పదేళ్ల తర్వాత కూడా ఉంటాయి.